పిలక కొంటే తల్లి వయసు కూడా వస్తుంది: వెదురు మొక్కల మీద నా రివ్యూ

మొక్కలకు 2 స్టార్లు, అమ్మిన తర్వాత వాళ్ళు మాట్లాడిన తీరుకు 1 స్టార్. నర్సరీ పేరు రాయను. ఇది ఆ ఒక్క నర్సరీ సమస్య అయితే రాసేవాడినే, కానీ మన దగ్గర వెదురు అమ్మే చాలాచోట్ల ఇదే కథ. పేరు రాస్తే చదివినవాళ్ళు "అక్కడ కొనకపోతే సరి" అనుకుని పక్క నర్సరీకెళ్ళి అచ్చం అదే సరుకు కొనుక్కొస్తారు. అందుకని ఏం కొన్నాను, ఏమైంది, ఎందుకలా అయింది అన్నది వివరంగా రాస్తున్నా. చదివే ఓపిక లేనివాళ్ళు ఈ ముక్క పట్టుకుని వెళ్ళిపోండి: వెదురు కొనేటప్పుడు మొక్క ఎత్తెంత, ఆకు పచ్చగా ఉందా అని కాదు చూడాల్సింది, "ఇది గింజ మొలిచిన మొక్కా, పొదను తవ్వి తీసిన పిలకా? పిలకైతే తల్లి పొద వయసెంత?" అని అడగాలి. ఎదుటివాడు నీళ్ళు నమిలితే జేబులోంచి డబ్బు తీయకండి.

మామిడి తోట గట్టు వెంబడి వేద్దామని తీసుకున్నాం. గాలికి అడ్డం ఉంటుంది, నాలుగైదేళ్ళకు గెడలూ వస్తాయి, పందిరికి బయట కొననక్కర్లేదు అని లెక్క. రకం గట్టి వెదురు, అంటే లోపల బోలు పెద్దగా ఉండదు, లాఠీలకు వాడేది ఇదే. పుస్తకాల పేరు డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. మన ఏజెన్సీ అడవుల్లో, ఆదిలాబాద్ వైపు ఎక్కువగా కనిపించేవి ఇదీ, ముళ్ళ వెదురూ. కవరు మొక్క 150 రూపాయలు. చూడ్డానికి మొక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ విషయంలో వంక పెట్టను, నడుం ఎత్తున, ఆకు నిగనిగలాడుతూ ఉంది. నాటేటప్పుడు కవరు చింపితే లోపల లావాటి దుంప, దాని మీద పాత బొంగును అడ్డంగా కోసేసిన మొండెం, ఆ మొండెం కణుపులోంచి కొత్త కొమ్మలు. అంటే ఎక్కడో ముదురు పొదను తవ్వి ముక్కలు చేసి కవర్లలో పెట్టారన్నమాట. అందులో మోసమేమీ లేదు, వెదురును అందరూ అలాగే పెంచుతారు, తాతల నాటి పద్ధతి. తిరకాసంతా ఆ తవ్విన పొద ఏదన్న దగ్గర ఉంది.

మొదటి ఏడు బానే వచ్చాయి. రెండో ఏడు వానలు మంచిగా పడ్డా ఒక్క కొత్త కొమ్ము, అంటే బొంగు మొలక, నేల చీల్చుకుని పైకి రాలేదు. వెదురు పెంచినవాళ్ళకు తెలుసు, వానాకాలంలో కొమ్ములు రాలేదంటే పొద లోపల ఏదో తేడా జరుగుతున్నట్టే. చలికాలం వచ్చేసరికి ఆకు పండి రాలిపోయింది. సంక్రాంతి దాటాక చూస్తే సన్న కొమ్మల మీద కణుపు కణుపుకీ ఎండుగడ్డి రంగులో గుండ్రటి గుత్తులు, చేత్తో పట్టుకుంటే గుచ్చుకుంటున్నాయి. రెండేళ్ళ మొక్కలు, మనిషంత ఎత్తు కూడా లేవు, వరసగా అన్నీ పూశాయి.

పూత అంటే రంగూ వాసనా ఊహించుకోకండి. వెదురు గడ్డిజాతి, వరికీ గోధుమకీ దాయాది, కాబట్టి రేకులూ లేవు, తేనె లేదు. ఒక గుత్తి తెంపి అందులో చిన్న కంకిని గోటితో విప్పి చూశాను, పొట్టు మీద పొట్టు. ముందు ఆ పొట్టు కొసన ఊదారంగు కీలాగ్రం బయటకొస్తుంది, అది ఆడభాగం. తర్వాత ఆరు పసుపు పుప్పొడి తిత్తులు సన్నటి కాడలకు వేలాడుతూ దిగుతాయి. ఆరు అన్నది గమనించండి, వరి పువ్వులోనూ ఆరే, గోధుమలో మాత్రం మూడు. పొద్దున్నే కొమ్మను తడితే పసుపు పొడి లేస్తుంది, ఇక మిగతా పని గాలిది. తేనెటీగలు కూడా ముసిరాయి, పుప్పొడి కోసమే. ఆడభాగం ముందొచ్చి మగభాగం తర్వాత రావడంతో ఏ పువ్వు పుప్పొడి ఆ పువ్వు మీదే పడటం తగ్గుతుంది, చుట్టుపక్కల వేరే పొదలు కూడా అదే సమయానికి పూస్తే గింజ బాగా పడుతుంది. మా గట్టు మీద ఉన్నవన్నీ ఒకే తల్లి ముక్కలాయె, గుత్తులన్నీ నలిపితే చేతిలో మిగిలింది తాలే, పిడికెడు గింజ కూడా రాలేదు. కాసేపు చూడ్డానికి మాత్రం భలే ఉంది, అబద్ధం చెప్పను. చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా చూడని పూత అది.

నర్సరీకి ఫోన్ చేస్తే ముందు "నీళ్ళు తక్కువయ్యాయండి, వారానికి రెండు తడులు పెట్టండి, పూత ఆగిపోద్ది" అన్నారు. డ్రిప్ ఉంది మొర్రో అంటే "అయితే ఎరువెక్కువైందండి" అన్నారు. ఫొటోలు పంపించాక రెండ్రోజులు సమాధానం లేదు. తర్వాత, నిజాయితీగా చెప్పాలంటే వాళ్ళే ఫోన్ చేసి "మీకు నష్టం రానివ్వమండి, మొక్కకు మొక్క ఇచ్చేస్తాం" అన్నారు. సంతోషించి ఎక్కడివి అని అడిగితే, అదే పొదవట! మా వెనకాల ఇంకా సగం పొద మిగిలుంది, దాన్నుంచే తీసిస్తాం అని ధీమాగా చెబుతున్నారు. ఆ సగం పొద కూడా పూసి ఉందా అని అడిగితే "ఏదో కంకులు వేసిందండి, మంచిదే కదా" అన్నారు. అదీ వరస. ఆ 1 స్టార్ దీనికే. వాళ్ళకు దురుద్దేశం ఉందని నేననుకోను, అమ్మే సరుకు సంగతి వాళ్ళకే తెలీదు, అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది. చివరికి సగం డబ్బుకు మామిడి అంట్లు ఇచ్చి సరిపెట్టారు, మిగతా సగం నేను వదిలేశాను.

అసలు సంగతికొద్దాం. వెదురు రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకటి భూమిలో దుంప నుంచి, ఏటా వానలకు కొత్త కొమ్ములు లేచి బొంగులై పొద వెడల్పవుతుంది, ఇది దశాబ్దాల పాటు సాగుతూనే ఉంటుంది. రెండోది పూత, గింజ. చాలా రకాల వెదుళ్ళకు ఇది బతుకులో ఒక్కసారే. దాచుకున్న సత్తువంతా గింజల్లోకి దింపేసి పొద మొత్తం ఎండిపోతుంది. ఆ ఒక్కసారి ఎప్పుడన్నది రకాన్ని బట్టి ఉంటుంది. గట్టి వెదురుకు 25 నుంచి 45 ఏళ్ళు, ముళ్ళ వెదురుకు 40, 50 ఏళ్ళు, ఈశాన్యంలో పెరిగే ములి వెదురుకు 48 ఏళ్ళు, జపాన్‌లో మదాకే అనే రకానికైతే ఏకంగా 120 ఏళ్ళు. ఈ గడియారం గింజ మొలిచిన నాటి నుంచి నడుస్తుంది. మీరు పొదను నాలుగు ముక్కలు చేసి నాలుగు ఊళ్ళలో నాటినా ఆ ముక్కలకు కొత్త బర్త్‌డే రాదు, తల్లి లెక్కే నడుస్తుంది. ముదురు మామిడి కొమ్మను అంటు కడితే చిన్న మొక్కగానే కాపుకొస్తుంది కదా, ఇదీ అంతే, కాకపోతే మామిడికి కాపు లాభం, వెదురుకు కాపు చావు. 40 ఏళ్ళకు పూసే పొద నుంచి 38వ ఏట పిలక తీసి నాకమ్మితే నేను కొన్నది రెండేళ్ళ ఆయుష్షు. 150 రూపాయలకు.

ఇదేదో మన నర్సరీల్లోనే జరిగే పని అనుకోకండి. మహా మహా యూరప్ తోటమాలులకే జరిగింది. 1907లో ఎర్నెస్ట్ విల్సన్ అనే మొక్కల వేటగాడు చైనాలోని హుబే ప్రాంతం నుంచి ఒక అందమైన వెదురు పట్టుకొచ్చాడు, తర్వాత దానికి ఆయన కూతురు మ్యూరియల్ పేరు మీద ఫార్గేసియా మురిలీ అని పేరు పడింది. చలికి తట్టుకుంటుంది, అడ్డదిడ్డంగా పాకదు, ఇంకేముంది, దాన్నే ముక్కలు చేసి చేసి దేశదేశాల తోటలకు అమ్మారు. ఇంగ్లండ్‌లో ఉన్నదీ డెన్మార్క్‌లో ఉన్నదీ ఒకే మొక్క తాలూకు ముక్కలే. 1970ల్లో డెన్మార్క్‌లో పూత మొదలైంది, 1990లు వచ్చేసరికి ఊరూరా పూసి చచ్చిపోయాయి. అప్పుడు రాలిన గింజల నుంచి లేచిన మొక్కలనే ఇప్పుడు కొత్త పేర్లతో అక్కడ అమ్ముతున్నారు. ఆ దేశాల్లో మంచి నర్సరీలు చీటీ మీద "కొత్త తరం గింజ మొక్క" అని రాస్తాయి. మన దగ్గర చీటీయే ఉండదు, కవరు మీద స్కెచ్ పెన్నుతో "వెదురు" అని ఉంటే అదే ఎక్కువ.

మరి అన్నీ కలిసి ఒకేసారి ఎందుకు పూయాలి, అన్నేళ్ళు ఎందుకు ఆగాలి అంటే, డేనియల్ జాన్‌జెన్ అనే శాస్త్రవేత్త 1976లో ఒక వాదన రాశాడు, ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునేది అదే. ఏటా కాసిని గింజలు రాలిస్తే ఎలుకలూ పిట్టలూ పందులూ పూర్తిగా తినేస్తాయి. అదే దశాబ్దాల పాటు ఏమీ ఇవ్వకుండా ఉండి ఒక్కసారిగా కొండంత గింజ కుమ్మరిస్తే ఎంత తిన్నా ఇంకా మిగులుతుంది, మిగిలింది మొలుస్తుంది. ముందుగానో వెనకగానో ఒంటరిగా పూసినదాని గింజ మొత్తం పోతుంది కాబట్టి, గుంపుతో కలిసి పూసేవాటి సంతానమే మిగిలి ఆ అలవాటు బలపడింది. 48, 120 అంత పెద్ద అంకెలు ఎలా వచ్చాయన్నదానికి 2015లో హార్వర్డ్ వాళ్ళు ఒక లెక్క చెప్పారు. మొదట చిన్న వ్యవధితో పూసేవి, తర్వాత దాన్ని రెట్టింపో మూడు రెట్లో చేసుకుంటూ పోయాయట, ఎందుకంటే రెట్టింపు చేసుకున్నవి కూడా పాత గుంపుతో తేదీ కలుపుకోగలవు, మధ్యలో ఏదో అంకె ఎంచుకుంటే కలవలేవు. 120 అంటే రెండు, రెండు, రెండు, మూడు, ఐదు గుణించుకుంటే వచ్చేది. మదాకే వెదురు 999లో చైనాలో పూసినట్టు రాతల్లో ఉంది, ఆ తర్వాత జపాన్‌లో 1840ల్లో, మళ్ళీ 1960ల చివర్లో పూసింది. జపాన్ నుంచి వేరే దేశాలకు తీసుకెళ్ళి నాటినవి కూడా ఆ 1960ల్లోనే పూశాయి. ఇంత పక్కా లెక్క ఉన్నదాన్ని పట్టుకుని "రెండు తడులు పెట్టండి" అంటే ఒళ్ళు మండదా.

"వెదురు పూస్తే కరువొస్తుంది" అని మన పెద్దవాళ్ళూ అంటారు, అది ఉత్త మూఢనమ్మకం అని కొట్టేయకండి. మిజోరంలో అది చరిత్ర. అక్కడి ములి వెదురుకు కాసే కాయ గింజలా ఉండదు, గుప్పిట్లో పట్టేంత కండగల కాయ, చెట్టు మీద ఉండగానే మొలక కూడా వేసేస్తుంది. అడవుల నిండా అవి రాలేసరికి ఎలుకలకు పండగ, తిని తిని లెక్కలేనన్ని పిల్లలు పెట్టి, కాయలైపోగానే వరి చేల మీద, గాదెల మీద పడతాయి. దీన్ని అక్కడ మౌతం అంటారు. 1911లో వచ్చింది, 1958, 59ల్లో వచ్చింది, 2006 నుంచి 2008 దాకా మళ్ళీ వచ్చింది. 1958కి ముందే అక్కడి వాళ్ళు లెక్కగట్టి హెచ్చరించినా అప్పటి అస్సాం ప్రభుత్వం (మిజోరం అప్పుడు అస్సాంలో భాగం) పెద్దగా పట్టించుకోలేదు. ఆ కరువులో సాయానికి పుట్టిన సంఘమే 1961లో లాల్‌డెంగా నాయకత్వంలో మిజో నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ అయింది, 1966లో తిరుగుబాటు, 1986లో కేంద్రంతో శాంతి ఒప్పందం. ఒక గడ్డి మొక్క పూత నుంచి ఇంత కథ నడిచింది. మన వైపు గట్టి వెదురు ఒకేసారి రాష్ట్రమంతా పూయదు, ఏదో ఒక మూల ఏదో ఒక పొద ఏటా పూస్తూనే ఉంటుంది, అందుకే మనకు ఆ స్థాయి అనుభవం లేదు. మన అదృష్టం.

మా ఊళ్ళో తట్టలూ చాటలూ అల్లే మేదరి తాత పూసిన మా మొక్కలు చూసి పూత రాకముందే కనిపెట్టొచ్చని చెప్పాడు. "కొమ్ము రాలేదంటేనే అనుమానించాలి బాబూ. పూసిన బొంగు కత్తికి లొంగదు, చీలిస్తే బద్ద సాపుగా రాదు, పటుక్కున విరుగుద్ది, మేం తీసుకోం" అన్నాడు. పొదలో ఒకట్రెండు బొంగులే పూస్తే వాటిని కోసేసి చూడమన్నాడు, కొన్నిసార్లు పొద నిలబడుతుందట. పుస్తకాల్లోనూ ఉంది, అక్కడక్కడా విడిగా పూసినవి తేరుకోవచ్చు. పొద మొత్తం ఆకు రాల్చి పూసిందంటే మాత్రం నీళ్ళూ ఎరువూ మందూ ఏదీ పనిచేయదు, కోసి వాడుకోవడమే. ఎండిన పొద వేసవిలో అంటుకుంటే ఆర్పలేం కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇక రెండో సరుకు, ఆన్‌లైన్‌లో తెప్పించిన గింజల ప్యాకెట్. పిలకతో దెబ్బతిన్నాం కదా, గింజే వేద్దాం, గడియారం సున్నా నుంచి మొదలవుతుంది అన్న ఆలోచన సరైనదే, సరుకు మాత్రం చెత్త. సున్నా ఇచ్చే వీలుంటే సున్నా ఇచ్చేవాడిని. 199 రూపాయలు, ప్యాకెట్ మీద నీలం రంగు వెదురు బొమ్మ. ముందు అది తెలుసుకోండి, ఆ బొమ్మలో ఉన్న నీలి రంగు కంప్యూటర్ మీద వేసింది. కొన్ని రకాలకు లేత బొంగుల మీద బూడిద నీలపు పూత ఉంటుంది తప్ప పెయింట్ వేసినట్టుండే నీలం వెదురు ఎక్కడా లేదు. లోపల గింజలు చూస్తే వెదురుగింజ పోలికే లేదు. గట్టి వెదురు గింజ గోధుమ రంగులో నున్నగా, వడ్లగింజ కంటే పొట్టిగా, కొసన చిన్న ముక్కుతో ఉంటుంది, కిలోకు సుమారు 30 వేలు తూగుతాయి. ప్యాకెట్లోవి నల్లటి నలుసులు. మొలిచినవి మొలిచాయి కానీ అవి వెదురు కాదు, ఏదో కలుపు.

నిజమైన వెదురు గింజే ఇచ్చినా ఆన్‌లైన్ ప్యాకెట్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. వెదురు గింజ నిలవుండదు. మామూలు గది వేడిలో కొన్ని నెలలకే మొలకశక్తి పడిపోతుంది, బాగా ఆరబెట్టి చల్లటి చోట దాస్తే ఇంకాస్త కాలం ఆగుతుంది. ములి వెదురు కాయైతే ఆరబెడితేనే చచ్చిపోతుంది. ఈ ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన తేదీ ఉంది, రెండేళ్ళ గడువుంది, గింజ రాలిన తేదీ మాత్రం లేదు. వెదురు గింజకు కావాల్సిన తేదీ అదొక్కటే. కింద రివ్యూల్లో ఐదు స్టార్లిచ్చి "ఇంకా వేయలేదు, ప్యాకింగ్ బాగుంది" అని రాసినవాళ్ళకు ఒక దండం.

మూడోది దొరికింది, దీనికి నాలుగున్నర స్టార్లు. ఏజెన్సీ వైపు అడవిలో పూసిన పొదల కింద గింజ ఏరుకొచ్చి చిన్న కవర్లలో మొక్కలు పెంచిన ఒక పెద్దాయన దగ్గర తీసుకున్నాం. ఆయనది నర్సరీ అని కూడా అనలేం, ఇంటి పెరట్లో చింతచెట్టు నీడన నాలుగు మళ్ళు. గట్టి వెదురు చలికాలంలో పూసి ఏప్రిల్ నుంచి జూన్ లోపు గింజ రాలుస్తుంది, ఆయన ఆ గింజను ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టి తేలిన తాలు పారబోసి, మునిగిన గింజను వెంటనే మడిలో వేసి పైన గడ్డి కప్పాడు. వారం నుంచి రెండు వారాల్లో మొలకలొచ్చాయట. చీమలతో, ఎలుకలతో, కోళ్ళతో రోజూ యుద్ధమే అన్నాడు. ఏ కొండవైపు పొదలు, ఏ ఏడు పూశాయి అని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. మనకు కావాల్సింది ఆ జవాబే. మొక్క 20 రూపాయలు.

అర స్టారు ఎందుకు కోశానంటే, చూడ్డానికి అసలు వెదురులా ఉండవు. కవరు తెచ్చి ఇంట్లో పెడితే మా ఆవిడ "ఊదగడ్డి కొనుక్కొచ్చారేంటి" అంది. గింజ మొక్క మొదట్లో అచ్చం గడ్డే. కొన్ని వారాలకు పక్కనుంచి కాస్త లావుగా ఇంకో మొలక, తర్వాత దానికంటే లావుగా ఇంకోటి, అలా లేస్తాయి. వెదురు బొంగు చెట్టు మానులా ఏటా లావెక్కదు, నేలలోంచి ఎంత లావున వస్తే అంతే, కాబట్టి పొద బలపడేకొద్దీ కొత్త బొంగులు లావుగా రావాలి తప్ప పాతవి మారవు. కోతకు రావడానికి ఆరేడేళ్ళు పట్టొచ్చు, పిలకైతే మూడు నాలుగేళ్ళే. తొందర ఉన్నవాళ్ళకు ఇది నచ్చదు. ఇంకోటి, గింజ మొక్కలు ఏ రెండూ ఒకేలా ఉండవు, కొన్ని చురుగ్గా లేచాయి, కొన్ని సన్నగా తీగల్లా ఉండిపోయాయి. నీరసంగా ఉన్నవి పీకేయాల్సిందే, జాలి పడితే పదేళ్ళు చోటు తింటాయి. అందుకే కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువే తెచ్చుకోండి. బాగా లేచిన మొక్కను చిన్నగా ఉన్నప్పుడే దుంపతో సహా విడదీసి రెండు మూడు చేసుకోవచ్చు కూడా, దాని వయసు ఎలాగూ ఏడాదే కాబట్టి ఏ భయం లేదు.

టిష్యూ కల్చర్ మొక్కల (తల్లి మొక్క కణజాలం ముక్క నుంచి ల్యాబులో సీసాల్లో పెంచినవి) గురించి చాలామంది అడుగుతున్నారు, నేను కొనలేదు కాబట్టి స్టార్లివ్వను, ఒక్కటి చెప్తా. "టిష్యూ కల్చర్ అండి, పూత ఉండదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కణజాలం తీసిన తల్లి ముదురుదైతే పిల్లకూ ఆ వయసే. 1990లోనే పుణె నేషనల్ కెమికల్ లేబరేటరీ వాళ్ళు సీసాలోని వెదురు పిల్లల చేత పూలు పూయించి నేచర్ పత్రికలో అచ్చేశారు, అంత చిన్న మొక్క కూడా పూయగలదు. బాల్కోవా లాంటి ముళ్ళులేని రకాలకు, తోటల్లో పెంచే పసుపు బొంగుల వెదురుకు పూసినా గింజ పట్టదు, కాబట్టి వాటిని కొమ్మతోనో దుంపతోనో ల్యాబులోనో పెంచాల్సిందే, గత్యంతరం లేదు. వాటిని పెద్ద ఎత్తున వేసేటప్పుడు ఒకే తల్లి పిల్లలతో ఎకరాలకెకరాలు నింపకుండా రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి కలపండి. 2018లో కేంద్ర ప్రభుత్వ పథకం జాతీయ వెదురు మిషన్ కొత్త రూపంలో వచ్చాక, అంతకుముందే 2017లో సొంత పొలంలో వెదురును అటవీ చట్టంలో చెట్ల జాబితా నుంచి తీసేశాక, ఎకరాల్లో వేసేవాళ్ళు పెరిగారు. సబ్సిడీ మొక్క అయినా తల్లి వివరం అడగడం మీ హక్కు. అన్నట్టు ఆఫీసు టేబుల్ మీద గాజు గ్లాసులో ఉండే లక్కీ బాంబూ వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క, దాని పూత గురించి నన్ను అడగొద్దు.

పనిలో పని వెదురు బియ్యం కూడా తెప్పించాం, ఎలాగూ ఇందులో తల దూర్చాం కాబట్టి. పూసిన పొదల కింద రాలిన గింజను దంచి పొట్టు తీస్తే వచ్చేదే అది, కేరళలో వయనాడ్ వైపు ఆదివాసులు ఏరి అమ్ముతారు, మన దగ్గర కూడా దొరుకుతుంది. మూడు స్టార్లు. రాత్రంతా నానబెట్టినా కుక్కర్లో మామూలు బియ్యానికి పట్టే టైం సరిపోదు, అన్నం కాస్త గోధుమ రవ్వ రుచిలో, నములుతుంటే జిగురుగా ఉంది. పాయసానికి బావుంది, పప్పులోకి నాకు నచ్చలేదు. మోకాళ్ళ నొప్పులు పోతాయని ప్యాకెట్ మీద రాశారు, మా అమ్మ మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ధర మాత్రం సన్నబియ్యానికి ఎన్నో రెట్లు, ఏరేవాళ్ళ కష్టం చూస్తే ఆ ధర తప్పనను, అది వాళ్ళ చేతికే వెళితే. చిలకాకుపచ్చ రంగులో ముత్యాల్లా మెరిసే "బాంబూ రైస్" కనిపిస్తే అది వెదురు గింజ కాదు, మామూలు బియ్యానికి వెదురు రసం పట్టించింది. అసలుది గోధుమ రంగుకు దగ్గరగా, గింజ గింజకూ తేడాగా, మట్టిబెడ్డలతో సహా వస్తుంది, చేటలో పోసి బాగా ఏరుకోవాలి.

పెద్దాయన మొక్కలు కావాలనుకునేవాళ్ళకు, ఆయనకు ఆన్‌లైన్ లేదు, కొరియర్ లేదు, నంబరు ఇక్కడ పెట్టను. మీ దగ్గర్లో అడవి ఉన్న ఊళ్ళ సంతల్లో వేసవి చివర్లో అడగండి, ఆ ఏడు ఎక్కడ పూసిందో అక్కడివాళ్ళకు తెలుస్తుంది. తొలకరి పడ్డాక తెచ్చుకుంటే మొక్క బడలదు. తెచ్చేటప్పుడు కవర్లు పడుకోబెట్టకండి, లేత దుంప కదిలితే మళ్ళీ కోలుకోడానికి నెల పడుతుంది, మావి ఆటోలో నిలబెట్టి తాడుతో కట్టి తెచ్చాం, దారిలో మేక ఒకటి అందుకుని నాలుగు మొక్కల తలలు తినేసింది, అవి కూడా బతికాయి.